చిన్న యింట సైకిలునకు చోటు

ఇల్లు చిన్నదైనకొలది గృహిణి నేర్పు పెద్దది కావలయును. రెండుగదుల యింటిలో మంచమునకును, బియ్యపు డబ్బాకును, కుట్టుమిషనునకును ఎట్లో చోటు కుదురును గాని, సైకిలు వచ్చుసరికి చిక్కు కలుగుచున్నది. నడవలో నిలిపినచో పసిపిల్లలమీద పడును. రాత్రివేళ వృద్ధుల కాలికి తగులును. వెలుపల నుంచినచో వానకు తుప్పుపట్టును, లేదా దొంగల పాలగును. కడపట “ఈ యడ్డము మనకేల?” యని యమ్మివేయుదురు. అన్న సైకిలు నిలిచి, చెల్లెలి సైకిలు పోయిన యిండ్లను మేమెఱుగుదుము.

ఇది స్వల్పవిషయమని మేము తలంపము. 1991వ సంవత్సరమున తమిళనాడులోని పుదుక్కోట జిల్లాయందు అక్షరాస్యతోద్యమముతోపాటు వేలకొలది గ్రామస్త్రీలు సైకిలు త్రొక్కుట నేర్చిరి. బీహారు ప్రభుత్వము 2006వ సంవత్సరమున తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్లు కొనుటకై ధనమిచ్చు పథకము నారంభించినది. బడి దూరమైనను చదువు సాగించుటకు సైకిలెంతటి సాధనమో వీనివలన తెలియుచున్నది. అట్టి సాధనమునకు ఇంట చోటు చూపుట మన పని.

గోడకు తగిలించు విధములు రెండు. మొదటిది అడ్డముగా తగిలించుట. గోడనుండి ముందుకు వచ్చు రెండు ఇనుప కొక్కెములపై సైకిలు బారు నానింతురు. దీనికి 6 అడుగుల గోడ కావలయును. సుమారు 20 కిలోల బరువును పూర్తిగా చేతులతో నెత్తవలయును. పైగా ఆడపిల్లల సైకిళ్లకు ఆ బారుండదు గనుక వానికిది కుదురదు.

రెండవది నిలువుగా తగిలించుట. ముందుచక్రమును పై కొక్కెమునకు తగిలింతురు. గోడ వెడల్పు 2 అడుగులు చాలును. కాని సైకిలు 3 అడుగులకు పైగా ముందుకు వచ్చును గనుక నడవకు తగదు, గది మూలకే తగును. వెనుకచక్రముమీద నిలిపి పైకి నెట్టవచ్చును గనుక శ్రమ తక్కువ. బాలికలకు ఇదియే మేలు.

కొక్కెమునకు కొలత యిట్లు తీయుడు. సైకిలును గోడకానించి వెనుకచక్రముమీద నిలిపి, ముందుచక్రపు రిమ్ము పైభాగము వచ్చు చోటికి 3 అంగుళములు పైన గుర్తు పెట్టుడు. వెనుక మడ్గార్డు నేలకు తగిలి వంగకుండుటకే యీ యెడము. అప్పుడింటి పురుషుల బలమును గాక, దినదినము సైకిలు తీయు పిల్ల బలమును చూడుడు. ఆమె తానే తగిలించి తానే దింపుకొనలేనిచో ఆ యమరిక వ్యర్థము. ప్రతి ఉదయము తండ్రినో అన్ననో పిలువవలసిన పిల్ల కొన్నాళ్లకు సైకిలు మానివేయును. అట్టిచో సైకిలును నేలమీదనే గోడవెంబడి నిలిపి, సీటు క్రింది గొట్టమును గోడలోని కడియమునకు త్రాటితో కట్టుడు. పిల్లలమీద పడకయైన నుండును.

ఇక గోడ సంగతి. సున్నము, సిమెంటు పూతలో మాత్రమే దిగిన మేకు బరువు నాపదు. బోల్టు పూతను దాటి యిటుకలోనికి దిగవలయును. మట్టిగోడయైనను, లోన బోలుగానున్న దిమ్మెల గోడయైనను మేస్త్రీకి చూపక పని మొదలుపెట్టరాదు. స్విచ్చిబోర్డునకు సూటిగా పైనగాని క్రిందగాని ప్రక్కనగాని రంధ్రము చేయింపకుడు. లోపల కరెంటు తీగ లుండును. అద్దెయిల్లయినచో యజమానుని సమ్మతి ముందుగా పొందుడు. బోల్టు బిగించిన పిదప 25 కిలోల బియ్యపు బస్తాను ఒక రాత్రి వ్రేలాడదీసి, పిల్లలను దరిజేరనీయక, తెల్లవారి గోడ బీటవారెనా, బోల్టు కదలెనా చూడుడు. నిలిచిననే సైకిలు తగిలింపుడు.

చక్రము లానుచోట పాతచాప ముక్కను గట్టినచో గోడకు మరక లంటవు. వానలో తిరిగివచ్చిన సైకిలును పొడిగుడ్డతో తుడిచి, గొలుసునకు రెండు చుక్కలు నూనె వేసి తగిలించు నలవాటును పిల్లకే నేర్పుడు. తన వస్తువును తానే కాపాడుకొనుట కూడ చదువులో భాగమే గదా!