సీలు ఒక్కటే మారిస్తే చాలదు

హోసూరులో 1980లో మొదలైన టీవీఎస్ 50 మన కోలారు వైపు ఇళ్లల్లో ఇంకా అక్కడక్కడా ఉంది. పాల క్యాన్లు, పట్టుగూళ్లు మోసిన బండి. ఇంజన్ కింద నూనె కారగానే "గుజిరీకి వేసేయండి" అంటారు. మేము ఒప్పుకోము.

టూ-స్ట్రోక్ ఇంజన్‌లో క్రాంక్ సీలు నూనెను ఆపే రబ్బరు మాత్రమే కాదు. క్రాంక్ కేసు పెట్రోలు, గాలి కలిపి పీల్చి పైకి నెడుతుంది. మాగ్నెటో వైపు సీలు అరిగితే బయటి గాలి లోపలికి పోతుంది. పెట్రోలు పాలు తగ్గి, ఆక్సిలరేటరు వదిలినా ఇంజన్ అరుస్తుంది, వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. పైన ఎం-సీల్ మెత్తితే ఇదేమీ ఆగదు.

సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో మేము రోజూ చూసేదే: తప్పు కనిపించిన చోటే పుట్టి ఉండాలని లేదు. బేరింగ్ ఊగుతుంటే కొత్త సీలూ నిలవదు. ముందు క్రాంకును చేత్తో పైకీ కిందికీ కదిపి చూడండి. షాఫ్టు మీద గాడి పడిందేమో గోటితో తడమండి. సీలు కూర్చునే చోట గీతలు పడకుండా పాతది తీయండి. కొత్తదాని అంచుకు నూనె రాసి, స్ప్రింగు వైపు లోపలికి ఉంచి, వంకర పోకుండా నొక్కండి.

బేరింగ్, సీలు రెండూ సరిచేశాక కూడా కారితే, అప్పుడు గుజిరీ మాట ఎత్తండి.