లెక్కలో లేని పొయ్యి

పేదవాడు ఎంతలో కడుపు నింపుకోగలడన్న లెక్క ఈ దేశంలో ఎప్పుడూ ఢిల్లీలోనే కడతారు. 2011 సెప్టెంబర్‌లో ప్రణాళికా సంఘం సుప్రీంకోర్టుకు ఇచ్చిన అఫిడవిట్‌లో, పట్టణాల్లో నెలకు రూ. 965, అంటే రోజుకు రూ. 32 ఖర్చు పెట్టగలిగిన మనిషి పేదవాడు కాదని తేల్చింది. ఆ రూ. 32లో తిండి ఒక్కటే కాదు, చదువు, వైద్యం కూడా కలిసే ఉన్నాయి. మరుసటి ఏడాది డిసెంబర్‌లో అన్నశ్రీ పథకం ప్రారంభిస్తూ నాటి ముఖ్యమంత్రి షీలా దీక్షిత్, నెలకు రూ. 600 ఉంటే అయిదుగురి కుటుంబానికి పప్పు, రొట్టె, అన్నం గడిచిపోతాయన్నారు. భాగిస్తే మనిషికి రోజుకు రూ. 4. 2013 జులైలో కాంగ్రెస్ నేత రాజ్ బబ్బర్ ముంబైలో రూ. 12కే కడుపునిండా భోజనం దొరుకుతుందంటే, అదే పార్టీకి చెందిన రషీద్ మసూద్ ఇంకో మెట్టు దిగి, ఢిల్లీ జామా మసీదు దగ్గర రూ. 5 చాలన్నారు. దేశమంతా నవ్వుకుంది. మండిపడింది కూడా.

పన్నెండేళ్లు గడిచాయి. 2025 డిసెంబర్ 25న ఢిల్లీ ప్రభుత్వం అటల్ క్యాంటీన్లు తెరిచింది. పప్పు, అన్నం, చపాతీలు, కూర కలిపి ప్లేటు అయిదు రూపాయలే. నాడు అందరూ ఎగతాళి చేసిన ధరే నేడు సర్కారు బోర్డు మీదికెక్కింది. మరి మసూద్ చెప్పింది నిజమేనన్నమాటా? కానేకాదు. క్యాంటీన్‌లో పొయ్యి, గ్యాసు, గిన్నెలు, వంటమనిషి జీతం అన్నీ ప్రభుత్వ ఖాతాలోకి వెళ్తాయి. తినేవాడు ఇచ్చే అయిదు రూపాయలు ఆ ఖర్చులో చిన్న ముక్క మాత్రమే. నాయకుల లెక్కల్లో గోధుమలుంటాయి, పప్పుంటుంది, కెలొరీలుంటాయి. వాటిని ఉడికించే పొయ్యి మాత్రం ఉండదు.

దారిద్ర్యరేఖ పుట్టుకలోనే ఈ లోపం ఉంది. 1979లో ప్రణాళికా సంఘం నియమించిన నిపుణుల బృందం పట్టణవాసికి రోజుకు 2,100, గ్రామీణుడికి 2,400 కెలొరీలు కావాలని నిర్ణయించింది. కాగితం మీద ఇది సులువే. కిలో గోధుమపిండిలో సుమారు 3,400 కెలొరీలుంటాయి. అంటే రోజుకు ఆరేడు వందల గ్రాముల పిండి తింటే పట్టణవాసి లెక్క సరిపోతుంది. కానీ పిండిని ఎవరూ బుక్కలేరు. అది రొట్టె కావాలి. రొట్టె కావాలంటే పెనం, మంట, నీళ్లు, ఒక గంట సమయం కావాలి. ఆ తర్వాతి కమిటీలు ఇంధనాన్ని కూడా ఖర్చుల్లో చేర్చిన మాట నిజమే. కానీ ఆ అంకెలు సగటు కుటుంబం ఖర్చును చూసి వేసినవి. సొంత వంటగది లేని మనిషి ఆ సగటులో కనిపించడు.

రూ. 32 వివాదం రగిలిన రోజుల్లోనే అమెరికాలో చదువుకుని వచ్చిన తుషార్ వశిష్ట్, మాట్ చెరియన్ అనే ఇద్దరు యువకులు ఆ అంకెతో బతికి చూద్దామనుకున్నారు. మొదట బెంగళూరులో రోజుకు రూ. 100తో, తర్వాత కేరళలోని ఓ పల్లెలో అధికార దారిద్ర్యరేఖ అంకెతో గడిపారు. పాలు, మాంసం వాళ్ల ఆహారం నుంచి దాదాపుగా మాయమయ్యాయి. సోయా, పార్లే-జి బిస్కెట్లు ఆదుకున్నాయి. బిస్కెట్ మీద వేయించిన అరటిపండు పెట్టుకుని దాన్నే మిఠాయి అనుకున్నారు. రోజులో ఎక్కువ భాగం తిండి ఎలా సమకూర్చుకోవాలన్న ఆలోచనకే సరిపోయిందని చెప్పారు. ఆ తర్వాత వీరే కెలొరీలు లెక్కపెట్టే ఆరోగ్య యాప్ సంస్థను స్థాపించారన్నది వేరే సంగతి. వారి అనుభవంలో గమనించాల్సింది బిస్కెట్. పొయ్యి వెలిగించక్కర్లేదు, పాడవదు, అయిదు రూపాయలకు దొరుకుతుంది. ఎక్కడో ఫ్యాక్టరీ ఓవెన్‌లో కాలిన ఆ పిండి పేదవాడి పొయ్యి పని తాను చేసి పెడుతోంది.

ఢిల్లీ, గురుగ్రామ్ సరిహద్దులోని కాపాషేడాకు వెళ్తే ఈ సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. ఉద్యోగ్ విహార్ గార్మెంట్ ఫ్యాక్టరీల్లో పనిచేసే బిహార్, ఉత్తరప్రదేశ్ కార్మికులు అక్కడి వరస గదుల్లో ఉంటారు. గదికి ముగ్గురు, నలుగురు. ఆ గదే పడక, అదే వంటిల్లు. ఉప్పూ పప్పూ తన కిరాణా కొట్లోనే కొనాలని షరతు పెట్టే ఇంటి యజమానులు అక్కడ ఉన్నారని కార్మిక సంఘాలు చాలాకాలంగా చెబుతున్నాయి. బజారులో ధర ఎంతైనా కొట్టువాడు చెప్పిందే ధర.

గ్యాసుదీ అదే కథ. 2025 ఏప్రిల్‌లో ఢిల్లీలో 14.2 కిలోల సిలిండర్ రూ. 853 అయింది, అంటే కిలో రూ. 60. కానీ ఆ ధర కనెక్షన్ ఉన్నవాడికి, ఒకేసారి రూ. 853 తీసివ్వగలిగినవాడికి. చిన్న సిలిండర్‌లో కిలో, రెండు కిలోలు నింపించుకునే కార్మికుడు కిలోకు అంతకంటే ఎక్కువే చెల్లిస్తాడు. పన్నులూ ఈ తేడాను సరిచేయలేదు. 2022 జులై 18 నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన పిండి, బియ్యం, పప్పుల మీద 5 శాతం జీఎస్టీ వేశారు. 25 కిలోలు దాటిన బస్తాకు మాత్రం మినహాయింపు. విడిగా కొంటే పన్ను లేదని ఆర్థిక మంత్రి వివరణ ఇచ్చారు, నిజమే. కానీ అయిదు కిలోల ప్యాకెట్ కొన్నవాడి మీద పన్ను పడి, బస్తా దించుకున్నవాడి మీద పడకపోవడంలో ఉన్న వింత అలాగే మిగిలింది. చౌక అనేది ముందే చేతిలో డబ్బున్నవాడికి దొరికే సరుకు.

రేషన్ ఆదుకోదా? ఆదుకుంటుంది, కొంతవరకు. ఆహార భద్రత చట్టం కింద మనిషికి నెలకు అయిదు కిలోల ధాన్యం 2023 జనవరి నుంచి ఉచితం. రోజుకు లెక్కేస్తే అది 166 గ్రాములు, పిండిగా కలిపితే అయిదారు రొట్టెలు. చాలామంది వలస కార్మికుల కార్డు ఊళ్లో ఉంటుంది, ఆ ధాన్యం అక్కడి పిల్లలు తింటారు. అందుకే బిహారీ కార్మికుడు పొద్దున్నే సత్తు, అంటే వేయించిన శనగల పిండి, నీళ్లలో కలుపుకుని ఉల్లిపాయ, పచ్చిమిర్చి నంజుకుని తాగి పనికి పోతాడు. అది రుచి కోసం మాత్రమే కాదు. మన చద్దన్నం, అటుకుల్లాగే సత్తు కూడా పొయ్యి వెలిగించక్కర్లేని తిండి.

మరి ఇంట్లో బ్రెడ్, బిస్కెట్లు కాల్చుకోవడం పొదుపు కాదా? వంటల పుస్తకాలు, టీవీ కార్యక్రమాలు అలాగే చెబుతాయి. లెక్క వేసి చూద్దాం. 400 గ్రాముల బ్రెడ్‌కు 280 గ్రాముల పిండి, చెంచాడు ఈస్ట్, ఉప్పు, కాస్త నూనె చాలు. 1,500 వాట్ల ఓవెన్ నలభై నిమిషాలు నడిచినా ఒక యూనిట్ కరెంటు దాటదు. అంటే నడిపే ఖర్చు స్వల్పమే. కానీ ముందు ఓవెన్ కొనాలి, దాన్ని పెట్టడానికి చోటు కావాలి, ఆ లోడు తట్టుకునే వైరింగ్ కావాలి. పిండి పొంగేదాకా రెండు గంటలు ఇంట్లో ఉండాలి. ఓవెన్ లేకపోతే కుక్కర్ ఉందిగా అనొచ్చు. గాస్కెట్, విజిల్ తీసేసి, అడుగున ఉప్పో ఇసుకో పోసి, సన్నని సెగ మీద నలభై నిమిషాలకు పైగా ఉంచితే కేక్ బాగానే వస్తుంది. కానీ ఆ నలభై నిమిషాల్లో అదే పొయ్యి మీద కిలో పిండి రొట్టెలు కాలుతాయి, అంటే ముప్పయ్‌కి పైగా. నలుగురికి ఒక పూట తిండి. పేదింట్లో కేక్ కాలకపోవడానికి కారణం తెలియక కాదు, మంట ఖరీదు తెలిసి.

ఈ చిక్కుముడిని పాత తరాలు తెలివిగా విప్పాయి. పంజాబ్ పల్లెల్లో సాంఝా చూల్హా ఉండేది, అంటే ఉమ్మడి పొయ్యి. 1947లో విభజన తర్వాత ఢిల్లీకి వచ్చిన శరణార్థులు లాజ్‌పత్‌నగర్, రాజేంద్రనగర్ వంటి కాలనీలకు ఆ తందూరును వెంట తెచ్చుకున్నారు. ఆడవాళ్లు ఇంట్లో పిండి కలిపి పళ్లెంలో తీసుకెళ్తే, తందూరువాడు కొద్దిపాటి కూలి తీసుకుని రొట్టెలు కాల్చి ఇచ్చేవాడు. తందూరుకు ఖర్చంతా వేడెక్కేదాకానే. వేడెక్కాక పది రొట్టెలైనా వంద రొట్టెలైనా తేడా స్వల్పం. ఒక్క ఇంటికి దండగైన మంట వీధి మొత్తానికి పండగ. మొరాకోలోని ఫెజ్ వంటి పాత నగరాల్లో ఇళ్ల నుంచి పిండి ముద్దలు వాడలోని బేకరీకి చేరి బ్రెడ్‌గా తిరిగి రావడం వెనక ఉన్నదీ ఇదే ఆర్థికశాస్త్రం.

ఢిల్లీ పరిసరాల్లో ఈ పద్ధతి ఇంకా బతికే ఉంది. నోయిడా, ఘాజియాబాద్ వీధుల్లో రోడ్డు పక్క భట్టీలు కనిపిస్తాయి. ఇంటి నుంచి పిండి, నెయ్యి, చక్కెర, పాలు తీసుకెళ్తే అక్కడే కలిపి, అచ్చు పోసి, కాల్చి డబ్బా నిండా గోధుమ బిస్కెట్లు ఇస్తారు. కిలోకు ఇంతని కూలి. తెలుగువాళ్లకు ఇది కొత్తగా అనిపించక్కర్లేదు. గోధుమలు, మిరపకాయలు సంచిలో పోసుకుని పిండిమరకో గిర్నీకో వెళ్లినట్టే. ధాన్యం మనది, మర ఊరిది. ఇంటింటికీ పిండిమర ఉండాలని ఎవరూ అనుకోలేదు. ఇంటింటికీ ఓవెన్ ఉండాలని మాత్రం ఇప్పుడు అనుకుంటున్నాం.

ఒకప్పుడు ప్రభుత్వమూ ఉమ్మడి పొయ్యి వెలిగించింది. 1965లో కేంద్రం మోడర్న్ బేకరీస్ స్థాపించింది. విటమిన్లు కలిపిన బ్రెడ్‌ను చౌకగా అందించడం దాని పని. 2000 జనవరిలో అందులో 74 శాతం వాటా హిందుస్థాన్ లీవర్‌కు అమ్మేశారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ యాజమాన్యాన్ని ప్రైవేటుకు అప్పగించిన తొలి సందర్భం అదే. బ్రెడ్ కాల్చడం ప్రభుత్వం పనా అని అప్పట్లో అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. కానీ ప్రభుత్వం పని కాకపోతే అది ఎవరి పని అన్న రెండో ప్రశ్న ఎవరూ అడగలేదు.

దానికి జవాబు 2020లో కళ్లముందే కనిపించింది. లాక్‌డౌన్ మొదలైన వారాల్లో దక్షిణ ఢిల్లీ ఇళ్లలో ఈస్ట్, కోకో పొడి కోసం వెతుకులాట మొదలైంది. ఎన్నడూ వంటింట్లో అడుగుపెట్టనివాళ్లు కూడా అరటిపండు కేక్ కాల్చి ఫొటోలు పంచుకున్నారు. అదే మార్చి 28న ఆనంద్ విహార్ బస్ టెర్మినల్ దగ్గర వేలమంది వలస కార్మికులు సొంతూరి బస్సు కోసం నిలబడ్డారు. ఆ నెలల్లో పార్లే-జి అమ్మకాలు ఆ కంపెనీ చరిత్రలోనే రికార్డు స్థాయికి చేరాయి. ఒకరికి ఓవెన్ కాలక్షేపం, ఒకరికి ఓవెన్‌లో కాలిన బిస్కెట్టే భోజనం. కేక్ కాల్చుకున్నవాళ్లను తప్పుపట్టాల్సిన పనిలేదు. ఆ రోజుల్లో కార్మికులకు అన్నం పెట్టింది ప్రభుత్వం బడుల్లో తెరిచిన భోజన కేంద్రాలు, గురుద్వారాల లంగర్లు. అంటే మళ్లీ ఉమ్మడి పొయ్యిలే.

ఇప్పుడేం చేయాలి? క్యాంటీన్లు మంచివే. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో మొదలైన అన్న క్యాంటీన్లు 2019లో ప్రభుత్వం మారగానే మూతపడి, 2024 ఆగస్టులో మరో ప్రభుత్వంతో తిరిగి తెరుచుకున్నాయి. అయిదేళ్లపాటు ఆకలి కూడా పార్టీ మారుతుందన్నట్టు వ్యవహరించారు. హైదరాబాద్‌లో 2014లో మొదలైన అయిదు రూపాయల భోజనం ప్రభుత్వాలు మారినా నిలబడింది. ఢిల్లీ ఏ దారిలో నడుస్తుందన్నది చూడాలి. పేదల పొయ్యి ఎన్నికల గుర్తును బట్టి వెలిగి ఆరే పరిస్థితి ఉండకూడదు.

క్యాంటీన్ ఒక్కటే చాలదు కూడా. మనిషి వేళకు దొరికింది కాకుండా తనకు నచ్చింది వండుకోవాలనుకుంటాడు. పిల్లలకు పండగనాడు నాలుగు బిస్కెట్లు కాల్చి పెట్టాలనుకుంటాడు. కార్మిక వాడల్లో అద్దె గదులకు ఉమ్మడి వంటశాల ఉండాలన్న నిబంధన, వీధి భట్టీలకు గ్యాసుకో కరెంటుకో మారేందుకు సాయం, చిన్న సిలిండర్ గ్యాసు పెద్ద సిలిండర్ ధరకే దొరికే ఏర్పాటు, ఇవేవీ గొంతెమ్మ కోరికలు కావు. చలికాలంలో ఢిల్లీ గాలి విషమైనప్పుడల్లా హోటళ్లలో, రోడ్డు పక్క తినుబండారాల దుకాణాల్లో బొగ్గు, కట్టెల తందూర్ల మీద ఆంక్షలు పెడుతున్నారు. గాలి కోసం అది అవసరమే. కానీ పొయ్యి ఆర్పమన్నవాళ్లే ప్రత్యామ్నాయమూ చూపించాలి.

2023-24 వినియోగ వ్యయ సర్వే ప్రకారం పట్టణాల్లో అట్టడుగు 5 శాతం మంది తలసరి ఖర్చు నెలకు రూ. 2,376. రోజుకు రూ. 79. అద్దె, ప్రయాణం, మందులు, తిండి అన్నీ అందులోనే. రేపు మరో కమిటీ కూర్చుని ఈ రూ. 79ని ఎటూ భాగించి కొత్త రేఖ గీయవచ్చు. గీసేముందు పిండి కిలో ఎంత అని మాత్రమే కాదు, ఆ పిండి ఏ పొయ్యి మీద కాలుతుందని కూడా అడిగితే, వచ్చే అంకె చూసి దేశం నవ్వుకోవాల్సిన అవసరం ఉండదు.