ఒకే బస్తీలో మూడు బడులు

దేశ రాజధానిలోని పేదల బస్తీలలో మూడేళ్లు నిండిన బిడ్డకు ప్రభుత్వ బడి మూడు రూపాలలో ఎదురవుతుంది. ఇరుకు సందులోని అద్దెగదిలో నడిచే అంగన్‌వాడీ ఒకటి. నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలలోని నర్సరీ తరగతి మరొకటి. దరఖాస్తులు సీట్లను మించితే చీటీలు తీసి బిడ్డలను ఎంపిక చేసే ఢిల్లీ ప్రభుత్వ సర్వోదయ విద్యాలయం ఇంకొకటి. అందులో చేరిన బిడ్డ పన్నెండో తరగతి దాకా వేరే బడి వెతుక్కోనక్కరలేదు గనుక తల్లిదండ్రుల చూపు ముందుగా అటే మళ్లడం సహజం.

అయితే ఈ పోలికలో అంగన్‌వాడీని తీసిపారేయడం న్యాయం కాదు. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం ఈ కేంద్రాలకు అప్పగించిన ఆరు సేవలలో చదువు ఒకటి మాత్రమే. ఆహారం పంచడం, పిల్లల బరువు తూచడం, టీకాలు వేయించడం, గర్భిణుల వివరాలు నమోదు చేయడం - ఇన్నీ చూసుకుంటూ ఆటపాటలు నేర్పవలసింది ఒక్క కార్యకర్తే. పాఠశాలలోని నర్సరీ ఉపాధ్యాయినికి బోధనే వృత్తి. ఆమెకు అందేది జీతం. అంగన్‌వాడీ కార్యకర్తకు అందేది 'గౌరవ వేతనం'. 2022 జనవరి 31న ఢిల్లీ కార్యకర్తలు సమ్మెకు దిగగా ఫిబ్రవరిలో దానిని 12,720 రూపాయలకు పెంచారు. సమ్మె ఆగకపోవడంతో మార్చిలో అత్యవసర సేవల చట్టాన్ని ప్రయోగించారు. సేవ అత్యవసరమైనదట, చేసే మనిషి మాత్రం ఉద్యోగిని కాదట! ఆ ఏప్రిల్‌లోనే సుప్రీంకోర్టు గుజరాత్ కేసులో వీరు గ్రాట్యుటీకి అర్హులని తీర్పు చెప్పింది.

అసలు లోపం చట్టంలోనే ఉన్నది. 2002లో 86వ రాజ్యాంగ సవరణ ఆరు నుంచి పద్నాలుగేళ్ల వారికే విద్యను ప్రాథమిక హక్కు చేసింది. ఆరేళ్ల లోపు వారి విషయంలో ప్రభుత్వం 'కృషి చేయాలి' అని సరిపెట్టింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 11వ సెక్షను కూడా మూడేళ్లు దాటిన పిల్లలకు ఉచిత పూర్వ ప్రాథమిక విద్య ఏర్పాట్లు 'చేయవచ్చు' అన్నదే గాని 'చేసి తీరాలి' అనలేదు.

ఒకటో తరగతిలో చేరేందుకు ఆరేళ్లు నిండాలన్న నిబంధనను 2026-27 నుంచి అమలు చేయాలని ఢిల్లీ విద్యాశాఖ నిర్ణయించింది. అంటే ఈ చిన్న బడులలో పిల్లలు గడిపే కాలం పెరుగుతుంది. అంగన్‌వాడీలను ప్రాథమిక పాఠశాలల ఆవరణలలో నెలకొల్పేందుకు కేంద్రం 2025లో మార్గదర్శకాలు విడుదల చేసింది. మంచి ఆలోచనే. కాని రద్దీ రోడ్డు దాటి వెళ్లవలసిన పాఠశాల మూడేళ్ల బిడ్డకు అక్కరకు రాదు. చోటు మార్చినంతమాత్రాన కార్యకర్త బరువూ తగ్గదు. ప్రతి కేంద్రంలో బోధనకే పరిమితమయ్యే రెండో మనిషిని నియమించి, ఆమెకు జీతం చెల్లించేందుకు బడ్జెట్‌లో ప్రత్యేకంగా ఒక పద్దు చూపడానికి ప్రభుత్వాలు సిద్ధమేనా?