అప్పగించుటయా? ఆశ వదులుకొనుటయా?



ఇంటర్ ముగించిన మన పల్లెల బిడ్డలు అనేకులు ఇంగ్లీషు నేర్చుకోవడానికి హైదరాబాదు వెళ్తున్నారు. "అయ్యగారూ, ఒక్కొక్క మాటకు అర్థం తెలుసు గాని, రెండు మాటలు కలిస్తే అర్థమే మారిపోతోంది" అని వారు మాతో అంటుంటారు. వారిని చూసి మేము నవ్వము. సరిగ్గా అటువంటి రెండు మాటల దగ్గర, నిండు సభలో, మేమే తప్పిపోయాము. ఆ సంగతి ఈ నెల మీతో పంచుకొనగోరుచున్నాము.

2011లో నాంపల్లిలోని ఒక సంఘములో మూడు రోజుల కూడికలు జరిగాయి. కేరళ నుండి వచ్చిన దైవజనుడు ఇంగ్లీషులో ప్రసంగిస్తుంటే తెలుగులోనికి తర్జుమా చేసే పని మాకు ఇచ్చారు. శనివారం రాత్రి ఆయన ఒక రోగి సాక్ష్యము చెప్తూ, డాక్టర్లు ఆమె విషయంలో 'గివ్ అప్' చేశారన్నారు. "డాక్టర్లు ఆశ వదులుకున్నారు" అని చెప్పాము. అది సరియైనదే. కాసేపటికి ఆయన వేగంగా, వచనం కూడా చెప్పకుండా, దేవుడు మన కొరకు తన కుమారుని 'గేవ్ అప్' చేశాడన్నారు. మా నాలుక మీద ఇంకా పాత అర్థమే ఉంది. "దేవుడు తన కుమారుని మీద ఆశ వదులుకున్నాడు" అనేశాము. ప్రసంగం సాగిపోయింది. తప్పు జరిగినట్టు మాకు తెలియనే లేదు.

కూడిక ముగిశాక ఒక పెద్దామె మా దగ్గరకు వచ్చింది. "అయ్యగారూ, మావాడు తాగి తాగి ఇల్లు గుల్ల చేశాడు. వాణ్ణి వదిలేసుకోమని ఊరంతా చెప్పింది. నేను వదులుకోలేదు. దేవుడే తన కొడుకు మీద ఆశ వదులుకుంటే ఇక నేనెంత?" అన్నది. మా గుండె జారిపోయింది. "అమ్మా, దేవుడు అలా చేయలేదు. తప్పు మాది. రేపు సభలోనే దిద్దుతాము" అని చెప్పి పంపాము. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మరునాడు ఆదివారము. ఆరాధన అయ్యాక నాంపల్లి నుండి అబిడ్స్ దాకా నడిచాము. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆయన దుకాణము మూలంగా ఆ చోటికి ఆ పేరు వచ్చింది. ఆదివారాలు అక్కడ దుకాణాలు మూసి ఉండగా, వాటి ముందు పాత పుస్తకాలు పరచి అమ్ముతారు. వెదకి వెదకి అట్ట చిరిగిన డిక్షనరీ ఒకటి కొని, అక్కడే నిలబడి తెరిచాము.

'గివ్' అంటే ఇవ్వడం, 'అప్' అంటే పైకి. రెండూ కలిస్తే పైకి ఇవ్వడం కాదు. సిగరెట్టు 'గివ్ అప్' చేయడమంటే మానివేయడం. బస్సులో ముసలమ్మకు సీటు 'గివ్ అప్' చేయడమంటే లేచి చోటివ్వడం. దొంగ పోలీసుల ఎదుట ఆ పని చేస్తే లొంగిపోవడం. పొడుపుకథ విప్పలేని పిల్లవాడు ఆ మాటంటే ఓడిపోయానని ఒప్పుకోవడం. అన్నిటిలోనూ చేతిలో ఉన్నదేదో విడవడమే ఉన్నది. ఏది విడుస్తున్నారు, ఎందుకు విడుస్తున్నారు అన్నదే అర్థము తేలుస్తుంది.

ఇది ఇంగ్లీషువారి వింత అనుకోనక్కరలేదు. మన 'పెట్టు' చూడండి. విడిచిపెట్టు, మొదలుపెట్టు, బయటపెట్టు, తాకట్టుపెట్టు. 'కనిపెట్టు' అంటే బడిలో కొత్తది కనుగొనడం. కీర్తన 27:14లో ప్రభువు కొరకు ఎదురుచూడడం.

తరువాత బైబిలు తెరిచాము. ప్రభువు సిలువ మీద ప్రాణము విడిచిన సంగతిని 1611 నాటి ఇంగ్లీషు బైబిలు మార్కు 15:37లోను యోహాను 19:30లోను 'గేవ్ అప్' అనే చెప్తుంది. మన తెలుగు బైబిలు మార్కులో 'విడుచుట' అనీ, యోహానులో 'అప్పగించుట' అనీ వేరుచేసి చూపుతుంది. గ్రీకులోనూ అవి రెండు వేర్వేరు మాటలే. యోహానులోని ఆ గ్రీకు క్రియయే రోమా 8:32లో తండ్రి తన కుమారుని అప్పగించిన చోట ఉన్నది. యూదా ప్రభువును అప్పగించిన చోటా అదే ఉన్నది. క్రియ ఒక్కటే. యూదా వెండి కొరకు అప్పగించాడు, తండ్రి మన కొరకు అప్పగించాడు.

సాయంత్రము సభలో నిలబడి మా తప్పు ఒప్పుకున్నాము. ఆ తల్లి ముందు వరుసలోనే కూర్చున్నది. "డాక్టర్లు ఆశ వదులుకున్నది ఇక చేయగలిగినదేమీ లేక. దేవుడు తన కుమారుని అప్పగించినది మన మీద ఆశ వదులుకోలేక" అని చెప్పాము. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకున్నది.

కూడిక తరువాత "అయితే నన్నేం చేయమంటారు అయ్యగారూ?" అని అడిగింది. "తాగుడుకు డబ్బులివ్వడం మానండమ్మా. తాగుడు కూడా జబ్బే గనుక ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. బిడ్డను ప్రభువుకు అప్పగించండి. ఆశ మాత్రం వదులుకోకండి" అన్నాము. మానడం, అప్పగించడం, వదులుకోవడం, ఈ మూడింటికీ ఇంగ్లీషులో ఆ ఒక్క మాటే చాలునని అప్పుడే మాకు తట్టింది. మొదటి రెండూ చేయవలసినవి. మూడవది చేయకూడనిది.

ఆ కుమారుని సంగతి తరువాత మాకు తెలియరాలేదు. మా ప్రార్థనలో మాత్రం అతడు నేటికీ ఉన్నాడు.

ఇంగ్లీషు నేర్చుకునే బిడ్డలారా, ఇటువంటి మాటలను విడివిడిగా బట్టీ పట్టకండి. వాక్యముతో కలిపి నేర్చుకోండి. తెలియకపోతే అడగండి. తప్పు పలికితే సిగ్గుపడక దిద్దుకోండి. తల్లిదండ్రులారా, మీ ఇంట ఎవరి విషయంలోనైనా 'ఇక వీడింతే' అనే మాట నోటికి వస్తే, పలుకక ముందు ఒక్క క్షణం ఆగండి. దేవుడు ఆ మాట మన విషయంలో పలుకలేదు.

ప్రభువు మీ కుటుంబములను దీవించును గాక. ఆమేన్.