కంటి మంటకు ఓర్పు మందు కాదు

కళ్లజోడు పెట్టుకుంటే తోటివాళ్లు ‘నాలుగు కళ్లు’ అని వెక్కిరిస్తారని మీలో కొందరు కాంటాక్టు లెన్సులు పెట్టుకుంటున్నారు. డాక్టరు పరీక్షించి ఇచ్చినవైతే అందులో తప్పు లేదు. కాని సాయంత్రానికి కళ్లు పొడిబారి, ఇసుక పడ్డట్టు గరగరలాడుతున్నా కొందరు వాటిని తీయరు. ‘అలవాటైతే అదే పోతుంది’ అంటారు. ఇది సరైన మాట కాదని నా అభిప్రాయం. ఎందుకో చూద్దాం.

శరీరంలో దాదాపు అన్ని భాగాలకూ రక్తమే ఆక్సిజన్‌ను అందిస్తుంది. కంటి ముందుభాగంలోని కార్నియాలో మాత్రం రక్తనాళాలు లేవు. ఉంటే అది అద్దంలా పారదర్శకంగా ఉండేదా? అందుకే అది గాలిలోని ఆక్సిజన్‌ను కన్నీటి ద్వారా తీసుకుంటుంది. కన్నీరంటే ఏడ్చినప్పుడు కారేది మాత్రమే కాదు. కంటిమీద ఎప్పుడూ పలుచని కన్నీటి పొర ఉంటుంది. దాని అడుగున జిగురు, నడుమ నీరు, పైన నూనె ఉంటాయి. నూనె ఆ నీటిని త్వరగా ఆవిరి కానివ్వదు. నిమిషానికి సుమారు 15 సార్లు మనం రెప్ప వేస్తాం. వేసినప్పుడల్లా ఈ పొర కొత్తగా పరుచుకుంటుంది.

లెన్సు సరిగ్గా ఈ పొర మధ్యలో కూర్చుంటుంది. అప్పుడు పొర రెండుగా విడిపోతుంది. పైభాగం పలుచబడి త్వరగా ఆరిపోతుంది. ఫ్యానుకు ఎదురుగా కూర్చున్నా, రెప్ప వేయడం మరచి సెల్‌ఫోను చూస్తున్నా ఇంకా త్వరగా ఆరుతుంది.

1961లో చెక్ రసాయన శాస్త్రవేత్త ఓటో విఖ్టర్లె, పిల్లలు ఆడుకునే నిర్మాణపు సామానుతో, సైకిలు డైనమోతో ఒక చిన్న యంత్రం కట్టి మెత్తని లెన్సులు తయారుచేశాడు. ఆ ప్లాస్టిక్కు నీటిని పీల్చుకుంటేనే మెత్తగా ఉంటుంది, ఎండితే బిరుసెక్కుతుంది. నేటి సిలికోన్ కలిసిన లెన్సులు ఆక్సిజన్‌ను ఇంకా బాగా పోనిస్తాయి. అయినా కన్నీరు లేనిదే అవీ కంటిలో ఇమడవు.

కాబట్టి మంట అంటే కన్ను చేసే హెచ్చరిక. దుకాణంలో ఎరుపు తగ్గించే చుక్కలు కొని వేసుకుంటే ఎరుపు పోతుంది గాని కారణం పోదు. స్టెరాయిడు చుక్కలను డాక్టరు చెప్పకుండా వాడితే కంటిలో ఒత్తిడి పెరిగి చూపుకే ముప్పు రావచ్చు.

మరేం చేయాలి? చేతులు సబ్బుతో కడిగి, పొడిగా తుడుచుకుని, లెన్సులు తీసేయండి. ఆ రోజుకు కళ్లజోడు పెట్టుకోండి. లెన్సులను కుళాయి నీటితో కడగకండి. ఆ నీటిలో అకాంతమీబా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. అది కార్నియాను పుండు చేస్తుంది. లెన్సులతో నిద్రపోకండి, ఈత కొట్టకండి. తరచు కళ్లు పొడిబారుతుంటే డాక్టరుకు చెప్పండి. కంటికి తడినిచ్చే చుక్కలు ఇవ్వాలో, లెన్సులే మార్చాలో ఆయన నిర్ణయిస్తారు. లెన్సులు తీసినా నొప్పి, ఎరుపు, మసక తగ్గకపోతే మాత్రం ఆ రోజే కంటి డాక్టరును కలవండి.

లెన్సులు వాడేవారి పుస్తకాల సంచిలో కళ్లజోడు తప్పక ఉండాలి. అది లేనివారు లెన్సులు పెట్టుకోకూడదని నేనంటాను.

ఇక వెక్కిరించేవారికి ఒక మాట. మీ మాటకు భయపడి ఒకరు మండే కంటితో రోజంతా కూర్చుంటున్నారు. ఆ కళ్లజోడును చూసి నవ్వడం ఈ రోజే మానేయండి.