చాప క్రింద నీరు

బాగేపల్లిలో మా మేనమామగారి ఇంటి వసారాలో ఒక అంబాసిడర్ కారు వున్నది. 1966లో కొన్నారు. మామ పోయి చాలా ఏండ్లయింది. కారు మాత్రం నిలిచింది. ఏటా ఆయుధపూజకు అత్తమ్మ దానికి కుంకుమబొట్టు పెట్టి, చక్రాల క్రింద నిమ్మకాయలు పెట్టిస్తుంది. కిందటేడు ఆమె మనుమరాలి పెండ్లి చింతామణిలో కుదిరింది. పెండ్లికూతురు ఆ కారులోనే వెళ్ళాలని అత్తమ్మ పట్టు. "ఆరు వారాలుంది. రంగు వేయిస్తే సరి" అన్నాడు బావ.

వెనకసీటులో కూర్చుని కాలు మోపాను. మెత్తగా తగిలింది. రబ్బరుచాప ఎత్తితే క్రింద వేసిన గోనెనార తడిసి నల్లబడి వుంది. దానిని లాగితే రేకు పెచ్చులుగా వూడివచ్చింది. ఆ కంతలోనుంచి వసారా నేల కనబడింది. చాప క్రింద నీరు అని పెద్దలు ఊరకే అనలేదు.

వానలే అంతంతమాత్రమైన బాగేపల్లిలో తుప్పేమిటని మీరడగవచ్చు. ఇనుముకు పెద్దవాన అక్కరలేదు. ఆరని తడి, గాలి దొరికితే చాలు. ముందు అద్దం చుట్టూ వున్న రబ్బరు ఎండకు పగులుతుంది. కారు కడిగిన ప్రతిసారీ నాలుగు చుక్కలు లోపలికి దిగుతాయి. క్రింద చక్రాలు చిమ్మిన మట్టి సందుల్లో గడ్డకట్టి తేమను పట్టివుంచుతుంది. పైగా తుప్పు అసలు ఇనుముకంటె ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది. అందుకే రెండు రేకులు కలిసినచోట ఉబ్బి, అతుకునే విడదీస్తుంది.

చిక్కబళ్ళాపురం నుంచి ఒక టింకరింగ్ మేస్త్రిని పిలిపించాము. ఆయన చిన్న సుత్తితో నేలంతా తట్టుకుంటూ పోయాడు. మంచిరేకు ఖంగున మోగింది, చెడినచోట బద్దుమన్నది. లోగడ ఎవరో తుప్పుమీదనే రేకుముక్క పరచి తారు పూసినట్లు అప్పుడు బయటపడింది. ఆ తారు నీటిని బయటికి పోనివ్వక, లోలోపలే తినేటట్లు చేసింది.

"పెండ్లికని తొందరపెడితే నేను చేసిచ్చేది రంగప్పా, పని గాదు" అన్నాడు మేస్త్రి.

ఆయన మాటలోని అర్థం తెలియాలంటే ఈ కారు కట్టుబడి తెలియాలి. లారీకి క్రింద చట్రం వేరు, పైన బాడీ వేరు. అంబాసిడర్‌కు అట్లా కాదు. దీనికి మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ లాగే నేలరేకు, తలుపుల క్రింద పెట్టెలా మడిచిన గడప, స్తంభాలు, కప్పు అన్నీ కలిసి ఒకే కట్టడం. గడప కుళ్ళితే నడుము విరిగినట్లే. సీటును పట్టే బోల్టులు కూడా ఆ నేలలోనే వుంటాయి. పైన ఎంత నిగనిగలాడినా, గుద్దుకొన్ననాడు లోపలి మనుషులను కాపాడవలసింది ఈ క్రింది ఇనుమే.

ఇటువంటి కారు మీ ఇంట వుంటే ఈ వరుస గుర్తుంచుకోండి. మొదట బ్యాటరీ తీగలు విప్పి, పెట్రోలు ట్యాంకు దింపి, వెల్డింగుకు ముందు ఇసుకబక్కెట్టు దగ్గర పెట్టుకోవాలి. బండిని సమంగా, గట్టి స్టాండ్లమీద నిలపాలి. గడప కోసేముందు తలుపు ఖాళీలో ఇనుపగొట్టాలు అడ్డంగా బిగించాలి. ఒక పక్క పూర్తయిన తరువాతనే రెండో పక్క ముట్టుకోవాలి. లేకపోతే బండి కుంగి, తలుపులు మళ్ళీ పడవు.

తుప్పు కనబడినంతవరకే కాదు, మెరిసే మంచిరేకు తగిలేదాకా కోయాలి. అట్టముక్కతో కొలత తీసి, అదే మందం రేకు కత్తిరించాలి. పాత నేలలో వున్న గాడులు కొత్తదానిలోనూ కొట్టాలి. రేకుకు బిగువు ఇచ్చేవి అవే. వెల్డింగు ఒకే గీతగా లాగితే రేకు వంకరపోతుంది. అక్కడొక చుక్క, ఇక్కడొక చుక్క పెట్టుకుంటూ, చల్లారనిచ్చి కలపాలి. అతుకులకు సీలరు, పైన ప్రైమరు, గడప లోపల మైనపు పూత వేయాలి. నీరు పోయే కంతలు మాత్రం మూయరాదు. అన్నిటికీ మించి, నీరు దిగిన దారి మూయకపోతే ఈ పనంతా వృథా.

అసలు రూపాన్ని మార్చకపోవడం చట్టరీత్యా కూడా మంచిది. కేంద్రం 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏండ్లు దాటిన బండిని వింటేజి వాహనంగా నమోదు చేయించవచ్చు. అయితే చట్రం, బాడీ, ఇంజను మార్పు లేకుండా అసలు రూపంలో వుండాలి. అట్లా నమోదైన బండిని రోజువారీగా గాని, బాడుగకు గాని తిప్పరాదు.

చిక్కబళ్ళాపురం పక్కనున్న ముద్దేనహళ్ళిలో పుట్టిన విశ్వేశ్వరయ్యగారు, 1930లలోనే మన దేశంలో కార్ల కర్మాగారం పెట్టాలని తపించినవారు. ఆ తరం కోరిక తరువాత తీరింది. హిందుస్థాన్ మోటార్స్ 1942లో ఏర్పడింది. అంబాసిడర్ తయారీ 2014లో ఆగింది. ఇక వున్నవాటిని సరిగ్గా నిలబెట్టుకోవడమే మన వంతు.

మేస్త్రి మాటే నెగ్గింది. పెండ్లికూతురు వేరే కారులో చింతామణి వెళ్ళింది. అత్తమ్మ నాతో మూడురోజులు మాటలాడలేదు. పని ముగిసేసరికి నాలుగు నెలలు పట్టింది. రంగుకంటె నేలకే ఎక్కువ ఖర్చయింది.

తొలిపండుగకు కూతురు, అల్లుడు వచ్చినప్పుడు అందరమూ ఆ కారులో చిత్రావతి దాకా వెళ్ళివచ్చాము. బయలుదేరేముందు అత్తమ్మ వంగి చాప ఎత్తింది. అరచేత్తో నేలంతా తడిమి చూచింది.

"పొడిగా వుందిలే, ఎక్కండి" అన్నది.