పని సాగాలి, ఇల్లూ నిద్రపోవాలి

రాత్రి పదకొండు దాటింది. శామీర్‌పేట చెరువు వైపు నుంచి చల్లగాలి వీస్తోంది. రాజీవ్ రహదారి మీద లారీల రొద కాస్త తగ్గింది. ఊరు మాటుమణిగే వేళకు ఒక ఇంట్లో టకటకలు మొదలవుతాయి. కోడలు కంప్యూటర్ ముందు కూర్చుని అమెరికా కంపెనీ పని చేస్తోంది. "ఆ సప్పుడు ఎప్పుడు ఆగుతది బిడ్డా?" అని మంచం మీద నుంచి అత్త అడుగుతుంది. "ఇంకో రెండు గంటలే అత్తమ్మా" అని కోడలు గొంతు తగ్గించి చెబుతుంది. గొంతయితే తగ్గించగలదు. కీబోర్డు మోతను ఎలా తగ్గిస్తుంది?

మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల పల్లెల్లో ఇటువంటి ఇళ్ళు ఇప్పుడు అరుదేమీ కాదు. 2020 మార్చిలో కరోనా వల్ల ఆఫీసులు మూతపడినప్పుడు కంప్యూటర్ పని ఇళ్ళకు చేరింది. తర్వాత ఆఫీసులు తెరిచినా, ఆ పని పూర్తిగా ఇల్లు విడిచి పోలేదు. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిది అయ్యేసరికి ఇక్కడ సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. అక్కడ సాయంత్రం ఐదుకు ఆఫీసు కట్టేసేసరికి ఇక్కడ తెల్లవారుజామున రెండున్నరో మూడున్నరో అవుతుంది. వాళ్ళ పగలే వీళ్ళ రాత్రి.

పట్నంలో పెద్ద ఫ్లాటు ఉన్నవారు ఒక గది తలుపు వేసుకుని పని చేసుకుంటారు. పల్లెలో రెండు గదుల ఇంటికి ఆ వసతి లేదు. అదే గదిలో పదో తరగతి పరీక్షలకు చదివే పిల్లవాడు పడుకోవాలి. తెల్లవారకముందే లేచి పాలు పితకవలసిన మామ పడుకోవాలి. మందు బిళ్ళ వేసుకుంటే గాని కన్ను మూతపడని అత్త పడుకోవాలి. నాలుగు రాత్రులు ఓర్చుకుంటారు. అయిదో రాత్రి మాట వస్తుంది. ఆ మాట ముదిరితే "ఆ కొలువు మానెయ్యరాదు?" అనే దాకా పోతుంది. కొడుకు చేస్తే ఉద్యోగం, కోడలు చేస్తే చప్పుడు అనుకునే ఇళ్ళూ లేకపోలేదు. కాబట్టి ఇది కీబోర్డు సంగతే కదా అని తీసిపారేయదగ్గది కాదు. ఒక ఇంటి నిద్రకు, ఒక ఆడపిల్ల సంపాదనకు సంబంధించిన సంగతి.

చప్పుడుకు చట్టం కూడా హద్దు పెట్టింది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 డెసిబెల్స్ మించరాదు. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు వరకు. ఆ నియమాలు మైకులను, హారన్లను, టపాకాయలను ఉద్దేశించినవి. ఇంట్లో కీబోర్డు మీదికి పోలీసులు రారు, రానక్కరలేదు. కాని రాత్రికి పగటి కంటే తక్కువ చప్పుడే న్యాయం అనే సూత్రం ఇంటి లోపలికీ వర్తిస్తుంది.

వేళ్ళతో గట్టిగా కొట్టే అలవాటు ఇవాళ్టిది కాదు. గోద్రెజ్ సంస్థ 1955లో ఈ దేశంలో టైపు మిషన్లు తయారు చేయడం మొదలుపెట్టి, 2009లో ఆపివేసింది. ఆ మధ్య కాలంలో టైపు ఇన్‌స్టిట్యూట్ లేని పట్టణం ఉండేది కాదు. ఇంగ్లీషు లోయర్‌కు నిమిషానికి 30 పదాలు, హయ్యర్‌కు 45 పదాలు కొట్టి, సర్టిఫికెట్ చేతబట్టుకుని ఉద్యోగాలకు వెళ్ళినవారు ఊరూరా ఉన్నారు. ఆ మిషన్‌లో వేలి దెబ్బే అచ్చును ఎగరేసి కాగితం మీద కొట్టేది. గట్టిగా కొట్టకపోతే అక్షరం పడేది కాదు. కంప్యూటర్ కీబోర్డుకు ఆ బలం అక్కరలేదు. తండ్రి టైపు కొట్టడం చూసి నేర్చుకున్న పిల్లలకు చెయ్యి మాత్రం అలాగే అలవాటైంది.

ఇప్పుడు దొరికే కీబోర్డులు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి, మీటలన్నింటి కింద రబ్బరు పొర ఉండేది. ఇది కొన్ని వందలకే వస్తుంది, మోత తక్కువ. అయితే అక్షరం పడాలంటే మీటను దాదాపు అడుగు దాకా నొక్కాలి. రోజుకు ఎనిమిది గంటలు కొట్టేవారికి వేళ్ళు అలసిపోతాయి. రెండోది మెకానికల్ కీబోర్డు. ఇందులో ప్రతి మీట కింద విడిగా ఒక స్విచ్చి, దానిలో ఒక స్ప్రింగు ఉంటాయి. ధర వేలల్లోకి పోతుంది గాని ఏళ్ళ తరబడి నిలుస్తుంది, వేలికి హాయి. బ్యాంకుల్లో, దుకాణాల బిల్లింగ్ బల్లల మీద చాలామంది చూసిన టీవీఎస్ గోల్డ్ ఈ జాతిదే. దాని గట్టిదనానికి ఎంత పేరుందో, దాని చప్పుడుకూ అంత పేరుంది. పగటిపూట బిల్లు కొట్టే చోట ఆ చప్పుడు ఎవరికీ అడ్డం కాదు. నడిరాత్రి పక్క మంచం దగ్గర అడ్డమే.

మెకానికల్ అంటే మోతే అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. జర్మనీకి చెందిన చెర్రీ కంపెనీ 1980లలో తెచ్చిన స్విచ్చిలకు రంగుల పేర్లున్నాయి. ఇతర కంపెనీలు కూడా చాలావరకు ఆ రంగులనే వాడుతున్నాయి. నీలి రంగు స్విచ్చి నొక్కినప్పుడల్లా టిక్కుమంటుంది. ఆ టిక్కు దాని పుట్టుకలోనే ఉంది. గోధుమ రంగుది వేలికి చిన్న ఎత్తు తగిలిస్తుంది గాని టిక్కుమనదు. ఎరుపుది ఏ ఎత్తూ లేకుండా సాఫీగా దిగుతుంది. ఇవి కాక సైలెంట్ స్విచ్చిలని వేరే ఉన్నాయి. వాటి లోపల మెత్తని దిండ్లు ఉండి, మీట అడుగు తాకినప్పుడు, పైకి లేచినప్పుడు కూడా దెబ్బను మింగేస్తాయి. రాత్రి పని చేసే ఇంటికి కావలసింది ఈ సైలెంట్ రకం. అది దొరకకపోతే ఎరుపో గోధుమో తీసుకోవచ్చు. నీలిది మాత్రం వద్దే వద్దు.

ఉన్న కీబోర్డును పారేయలేనివారు కూడా కొంత చేయవచ్చు. ఈ స్విచ్చిల్లో మీట మొత్తం 4 మిల్లీమీటర్లు దిగుతుంది. సుమారు 2 మిల్లీమీటర్ల దగ్గరే అక్షరం పడిపోతుంది. మిగిలిన 2 మిల్లీమీటర్లు కొట్టేది వృథా శ్రమ, వృథా మోత. వేలిని తేలిక చేసుకుంటే సగం గొడవ తగ్గుతుంది. రెండోది బల్ల. ఖాళీ చెక్క బల్ల డప్పులా మోగుతుంది. కీబోర్డు కింద నాలుగు మడతల గొంగడి ముక్క పరిస్తే ఆ మోత అణిగిపోతుంది. మూడోది పొడుగు స్పేస్ మీట. దాని కింది తీగ వదులై గలగలమంటుంటే, ఆ తీగకు దుకాణంలో కాస్త గ్రీజు పెట్టించుకోవాలి. ఇంట్లో కొబ్బరినూనె పోసి పాడుచేసుకోరాదు. మీటల కింద తొడిగే రబ్బరు రింగులు కూడా అమ్ముతారు. అవి అడుగు దెబ్బను తగ్గిస్తాయే గాని నీలి స్విచ్చి టిక్కును ఆపలేవు. కొన్ని కీబోర్డుల్లో స్విచ్చిలను ఊడబెరికి వేరేవి పెట్టుకోవచ్చు, మరికొన్నింటిలో అవి టంకంతో అతికి ఉంటాయి. కొనేముందు ఆ సంగతి అడిగి తెలుసుకోవాలి.

కొనడంలోనూ మెలకువ కావాలి. ఈ ప్రాంతంవారు కంప్యూటర్ సామాను కోసం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళుతుంటారు. ఆ సందడిలో ఏ కీబోర్డయినా మెత్తగానే వినిపిస్తుంది. దాన్ని కాస్త నిశ్శబ్దంగా ఉన్న మూలకు తీసుకుపోయి, రెండు వాక్యాలు కొట్టి చూడాలి. స్పేస్ మీటను, ఎంటర్ మీటను విడిగా నొక్కి వినాలి. ఫోన్‌లో బొమ్మ చూసి, రంగురంగుల దీపాలు చూసి ఆర్డరు పెట్టేవారు చెవిని మరచిపోతున్నారు. ఆ దీపాలు చప్పుడును తగ్గించవు.

"ట్రాక్టర్లు, డీజేలు ఊరిని వణికిస్తుంటే ఈ చిన్న టకటకే కనిపించిందా?" అని ఎవరైనా అడగవచ్చు. డీజే మోత తప్పే, దాన్ని ఆపవలసిందే. కాని పెళ్ళి ఊరేగింపు ఒక రాత్రితో పోతుంది, లారీ నిమిషంలో పోతుంది. మంచానికి నాలుగడుగుల దూరంలో ఆగుతూ సాగుతూ మూడింటి దాకా వచ్చే చప్పుడు ఏడాది పొడుగునా ఉంటుంది. చప్పుడు వినిపిస్తేనే చేతికి వేగం వస్తుందని మరికొందరు అంటారు. అటువంటివారికి గోధుమ స్విచ్చి ఉంది. అక్షరం పడిన సంగతి చెవికి బదులు వేలికి తెలుస్తుంది.

అయితే ఈ ఖర్చంతా ఇంటి మీదే పడడం సబబు కాదు. పనిని ఇంటికి పంపిన కంపెనీకి ఆఫీసు అద్దె, కరెంటు బిల్లు కొంతైనా మిగిలాయి. కొన్ని కంపెనీలు కంప్యూటరే గాక కుర్చీ కూడా ఇస్తున్నాయి. రాత్రి డ్యూటీ వేసే కంపెనీ ఆ జాబితాలో ఒక సైలెంట్ కీబోర్డు కూడా చేర్చాలి. కంపెనీకి అది లెక్కలోకి రాని ఖర్చు. ఉద్యోగులు కూడా మొహమాటపడక అడగాలి. దుకాణదారులు కనీసం ఒక సైలెంట్ రకాన్ని చూపుడుకు పెట్టాలి.

ఇంటివారి వంతూ ఉంది. మోత వస్తోందని కొలువు మానమనడానికి ముందు, మోత మానే కీబోర్డు కొనిపెట్టడం న్యాయం. పెద్దల నిద్ర పెద్దలకు కావాలి, కోడలి సంపాదన ఇంటిల్లిపాదికీ కావాలి. ఒక మంచి కీబోర్డుతో, గొంగడి ముక్కతో రెండూ నిలబడతాయంటే, అంతకంటే చవకబేరం మరొకటి లేదు.